తిరుపతి వాననీరు: చెరువు నుండి భూగర్భ తొట్టి వరకు

శేషాచలంపై కురిసిన నీరు కొంత కపిలతీర్థం మీదుగా దిగి, తిరుపతి పల్లంలోనుండి స్వర్ణముఖిని చేరవలెను. విజయనగర రాజుల కాలంలో భక్తులిచ్చిన ధనంలో కొంత దేవస్థాన గ్రామాలలో చెరువులు, కాలువలు త్రవ్వించుటకు వినియోగించినట్లు శాసనాలు తెలుపుచున్నవి. పెరిగిన పంటతో నైవేద్యం సాగెడిది. చెరువులు త్రవ్వినది పైరుకే; అయినను అవి వరదకు పగ్గం వేసినవి.

ఊరు పెరిగి, మట్టినేల సిమెంటు క్రిందికి పోయినది. ఒక హెక్టారుపై 100 మిల్లీమీటర్ల వాన పడిన 10 లక్షల లీటర్ల నీరగును. మట్టి కొంత పీల్చుకొనును. సిమెంటు దాదాపు అంతయు కాలువలోనికి తోయును. 2021 నవంబరులో తిరుపతి వీధులు ఏరులైనవి. ఆ నెలలోనే రాయలచెరువు కట్టకు గండి పడునేమోనని దిగువ పల్లెలను ఖాళీ చేయించిరి.

కాలువను వెడల్పు చేసిన చాలునా? చాలదు, ముంపు దిగువవారికి చేరును, అంతే. నీటిని కొన్ని గంటలు ఆపవలెను. చోటులేని నగరాలు భూమి క్రింద ఆపుచున్నవి. టోక్యో సమీపాన 2006లో పూర్తియైన 6.3 కిలోమీటర్ల సొరంగం సుమారు 50 మీటర్ల లోతున వరదను పట్టి, ఎదో నదికి పంపును. హైదరాబాదులోను 2024లో రోడ్లప్రక్క చిన్న భూగర్భ తొట్లు కట్టిరి.

చెరువుకు, తొట్టికి ఒక భేదమున్నది. సేద్యపు చెరువు నిండియుండవలెను. వరద తొట్టి వానకు ముందు ఖాళీగా ఉండవలెను. కనుక ప్రతి వాన తరువాతను దానిలోని నీటిని తోడి, ఒండ్రు తీయవలసియుండును.