బెలుం చీకట్లో చింతగింజలు

కొలిమిగుండ్ల దగ్గర చదునైన పొలాల మధ్య నేలకు చిల్లు పడినట్టుండే చోట మెట్లు దిగితే బెలుం గుహలు మొదలవుతాయి. ‘బిలం’ అన్న మాటే బెలుం అయిందంటారు. లోపల దారి పొడవు 3,229 మీటర్లు. సందర్శకులు తిరగగలిగేది అందులో దాదాపు సగమే. సింహద్వారం, కోటిలింగాలు, పాతాళగంగ... ఒక్కో మలుపుకూ ఒక పేరుంది. పాతాళగంగ దగ్గర సన్నటి నీటిపాయ రాతిలోకి జారి కంటికి కనిపించకుండా పోతుంది. 1884లో బ్రిటిష్ భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫుట్ ఈ గుహల గురించి రాశాడు. ఆ తర్వాత దాదాపు వందేళ్లకు, 1982-83లో, జర్మన్ గుహాన్వేషకుడు డేనియల్ గెబాయర్ బృందం లోపలికి దిగి దారులు కొలిచింది.

మిగిలిన ఆ సగం దారిలో ఏముందో ఊహించమంటే కర్నూలు, కడప పిల్లలెవరైనా క్షణంలో చెప్పేస్తారు. అలా చెప్పించడం మీదే ప్రపంచంలో ఒక పెద్ద ఆట నడుస్తోంది.

అది పుట్టింది అమెరికాలో. 1969లో మిన్నెసోటాలో డేవిడ్ వెస్లీ అనే కుర్రాడు యుద్ధాల బల్లాట ఆడే మిత్రులకు సైన్యాలకు బదులు మనుషులను పంచాడు. ఒకరు మేయరు, ఒకరు బ్యాంకరు, ఒకరు విశ్వవిద్యాలయాధిపతి. ఆ గుంపులోని డేవ్ ఆర్నెసన్ 1971 నాటికి తన మిత్రులను బ్లాక్‌మూర్ అనే కోట కింది నేలమాళిగల్లోకి దించాడు. గ్యారీ గైగాక్స్ దానికి రూల్స్ రాసిపెట్టాడు. 1974లో ‘డంజియన్స్ అండ్ డ్రాగన్స్’ పేరుతో వెయ్యి పెట్టెలు అచ్చయ్యాయి. ఇందులో ఒకరు గేమ్ మాస్టర్‌గా చోటునూ ప్రమాదాన్నీ వర్ణిస్తారు. మిగతావాళ్లు తలా ఒక పాత్ర అయి, తామేం చేస్తారో నోటితో చెబుతారు. ఫలితం అనుమానంగా ఉన్నచోట పాచిక తేలుస్తుంది.

ఇలాంటి ఆటల్లోకి నిజమైన గుహలు రావడం కొత్తేమీ కాదు. కెంటకీలోని మామత్ గుహల్లో తిరిగి పటాలు గీసిన విల్ క్రౌథర్ కూడా ఈ ఆట ఆడేవాడు. 1976 ప్రాంతంలో అతను రాసిన ‘అడ్వెంచర్’ అనే కంప్యూటర్ ఆటకు తాను నడిచిన గుహే పునాది. అందుకే సీమలో ఈ ఆట మొదలుపెట్టేవాళ్లు యూరప్ కోటను అరువు తెచ్చుకోవాల్సిన పని లేదు. కాళ్లకు తెలిసిన చోటును మాటల్లో పెట్టడం తేలిక. బెలుంలో ఉక్కపోత ఎలా ఉంటుందో ఒకసారి దిగివచ్చినవారికి ఎవరూ నేర్పక్కర్లేదు.

పాత్రల తయారీకి కూడా ఇంట్లోనే బడి ఉంది. కడప జిల్లా బిడ్డ బి.నాగిరెడ్డి చక్రపాణితో కలిసి 1947 జులైలో ‘చందమామ’ తెచ్చారు. అందులో దాసరి సుబ్రహ్మణ్యం జానపద సీరియళ్లు చదివిన పిల్లలు నెలంతా తర్వాతి సంచిక కోసం కాచుకునేవారు. 1951లో అదే ద్వయం విజయా సంస్థ నుంచి ‘పాతాళభైరవి’ ఇచ్చింది. దర్శకుడు కె.వి.రెడ్డిది తాడిపత్రి. మాంత్రికుడి శిష్యుడు సదాజపుడిగా నవ్వించిన పద్మనాభంది సింహాద్రిపురం.

ఆ సినిమాలో నేపాళ మాంత్రికుడి పాత్రను ఆట నడిపేవాళ్లు మళ్లీ మళ్లీ చూడాలి. అన్ని విద్యలూ తెలిసినవాడే, కానీ బలి ఇవ్వడానికి ఒక సాహసి కావాలి. ఆ ఒక్క అవసరమే అతన్ని తోటరాముడి దగ్గరికి నడిపిస్తుంది. రాముడికి ధైర్యం నిండుగా ఉంది, డబ్బు లేదు, మనసు రాకుమారి మీద ఉంది. ఉన్నది ఒకటి, లేనిది ఒకటి, కావలసింది ఒకటి! పాత్ర కాగితం మీద ముందు రాయాల్సినవి ఈ మూడు.

అంకెలు ఆ తర్వాత. పాత పద్ధతిలో బలం, తెలివి, వివేకం, చురుకుదనం, ఓర్పు, ఆకర్షణ అనే ఆరు గుణాలకు మూడేసి పాచికలు వేస్తారు. మూడూ ఆరు పడి 18 రావడం 216 అవకాశాల్లో ఒక్కటే. పది, పదకొండు తరచూ వస్తాయి. అంటే మామూలు మనిషే ఎక్కువగా పుడతాడు. అతనితో సాహసం చేయించడంలోనే రుచి ఉంది.

పని ఫలితం తేల్చడానికి ఇరవై ముఖాల పాచిక దొరక్కపోతే అష్టాచమ్మా చింతగింజలు చాలు. గింజను నున్నటి బండ మీద తెల్లగా తేలేదాకా ఒకవైపు రుద్దాలి. అరచేతికి వేడి తగులుతుంది, గోళ్ల సందుల్లో గోధుమరంగు పొడి చేరుతుంది. అలాంటివి నాలుగు. రెండు వైపులూ సమానంగా పడతాయనుకుంటే, రెండో అంతకంటే ఎక్కువో తెలుపు పడే వీలు పదహారింట పదకొండు. మూడు కోరితే పదహారింట ఐదే. నాలుగూ తెల్లబడటం ఒక్కటే. సులువు పనికి రెండు, కష్టమైన దానికి మూడు, అసాధ్యం అనిపించేదానికి నాలుగు. తొలి ఆటకు ఇంతకు మించి రూల్స్ అక్కర్లేదు.

కథ కావాలంటే గండికోట ఉంది. పెమ్మసాని నాయకుల కోట గోల్కొండ సేనాని మీర్ జుమ్లా వశమైంది. 1652లో ఫ్రెంచి రత్నాల వర్తకుడు టావెర్నియే అతన్ని కలవడానికి అక్కడికే వచ్చాడు. ఇక్కడిదాకా చరిత్ర. ఇక కల్పన: పాత నాయకుల ఉప్పు తిని, ఇప్పుడు కొత్త దొరకు ధాన్యాగారంలో జొన్నల లెక్క రాస్తున్న కరణం ఒకడు. పెన్న గండిలోకి దిగే మేకల దారి ఎరిగిన కాపరి పిల్ల ఒకతె. వజ్రంలో మచ్చ పట్టగల ముసలావిడ ఒకతె. ముగ్గురికీ ఒకే రాత్రి కోట దాటాలని ఉంది. ఎందుకన్నది ఆడేవాళ్లే చెప్పాలి. మాస్టర్ ముందే ముగింపు రాసి పెట్టుకుంటే అది హరికథ అవుతుంది, ఆట కాదు.

మొదటి రాత్రికి ఒక గోడ, ఒక కాపలాదారు, ఒక గంట గడువు చాలు.

“కింద నీళ్ల సప్పుడు వినపడతాంది. పైన దివిటీ ఇటే వస్తాంది. ఏం జేస్తావమ్మా?” అని అడుగుతాడు ఆట నడిపే అన్న.

కాపరి పిల్లగా ఆడుతున్న అమ్మాయి తన కాగితం వంక చూస్తుంది. బలం ఏడు, చురుకుదనం పద్నాలుగు. “ముసలవ్వను ఈపున ఎక్కించుకుని దిగుతా” అంటుంది.

“బలం తక్కువ గదా, మూడు పడాల” అని అన్న గింజలు ఆమె చేతిలో పోస్తాడు. ఆమె గుప్పిట మూసి ఊపి బండ మీద విసురుతుంది. రెండు తెలుపు, ఒకటి నలుపు. నాలుగోది ఇంకా తిరుగుతూనే ఉంది.