విపత్కాలంలో విద్యార్థుల ఫీడ్‌బ్యాక్: వెర్రిబీ, పశ్చిమ మెల్‌బోర్న్

కోర్సు ముగిసే వేళకు పాఠాలు ఎలా సాగాయి, అధ్యాపకులు ఎలా చెప్పారు, ల్యాబ్, లైబ్రరీ సౌకర్యాలు ఏ మేరకు అందాయి అని విద్యార్థులనే అడిగి తెలుసుకునే పద్ధతి ఉన్నత విద్యలో దాదాపు వందేళ్లుగా ఉంది. మన కాలేజీల్లో దీన్నే ఫీడ్‌బ్యాక్ అంటారు. భూకంపమో మహమ్మారో వచ్చి తరగతులు చెదిరిపోయినప్పుడు ఆ ఫారాల్లోని మార్కులు అధ్యాపకుడి పనితనాన్ని చెబుతున్నాయా, విద్యార్థి పడుతున్న కష్టాన్ని చెబుతున్నాయా అన్నది ఈ పద్ధతి చరిత్రలో పెద్ద ప్రశ్న. 2020, 2021 సంవత్సరాల్లో వెర్రిబీతో సహా మెల్‌బోర్న్ నగరం ఈ ప్రశ్నను ఎదుర్కొంది.

పుట్టుక

1920లలో అమెరికాలోని పర్డ్యూ విశ్వవిద్యాలయంలో హెర్మన్ రెమర్స్, వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో ఎడ్విన్ గుత్రీ ఈ పద్ధతికి రూపం ఇచ్చారు. బోధనను మెరుగుపరచుకోవడానికి మొదలైన ఈ ఫారాలు 1970ల నాటికి పదోన్నతుల నిర్ణయాల్లోకి ప్రవేశించాయి. వీటిపై అనుమానాలు కూడా ఆ దశాబ్దంలోనే బలపడ్డాయి. ఒక నటుడిని ‘డాక్టర్ ఫాక్స్’ పేరుతో నిపుణుల ముందు నిలబెట్టి, పస లేని ఉపన్యాసాన్ని ఆకర్షణీయంగా చెప్పించగా శ్రోతలు మంచి మార్కులే వేశారని 1973లో వెలువడిన అధ్యయనం తెలిపింది.

ఆస్ట్రేలియాలో

పాల్ రామ్స్‌డెన్ పరిశోధన ఆధారంగా తయారైన ‘కోర్స్ ఎక్స్‌పీరియన్స్ క్వశ్చనైర్’ 1993 నుంచి దేశవ్యాప్తంగా పట్టభద్రుల అభిప్రాయాలను సేకరించింది. చదువుతున్నవారి కోసం 2012లో మరో జాతీయ సర్వే మొదలై, తర్వాత ‘స్టూడెంట్ ఎక్స్‌పీరియన్స్ సర్వే’ అయింది. దాని ఫలితాలను క్విల్ట్ అనే ప్రభుత్వ వెబ్‌సైట్ విశ్వవిద్యాలయాల వారీగా అందరి ముందూ పెడుతుంది. ఏ చదువు ఎక్కడ చదవాలో తేల్చుకునేవారు చూసే అంకెలివి. అందుకే ఒక్క ఏడాది పడిపోయినా సంస్థకు పరువు సమస్యే.

వెర్రిబీ

మెల్‌బోర్న్ నడిబొడ్డు నుంచి నైరుతి దిశగా సుమారు 30 కిలోమీటర్ల దూరంలో, విండమ్ పాలక ప్రాంతంలో వెర్రిబీ ఉంది. విక్టోరియా విశ్వవిద్యాలయానికి ఇక్కడ క్యాంపస్ ఉంది. మెల్‌బోర్న్ విశ్వవిద్యాలయ పశువైద్య విద్యార్థుల క్లినికల్ శిక్షణ కూడా 1960ల నుంచి ఈ ఊరితో ముడిపడింది. విండమ్‌లో తెలుగు కుటుంబాలు గణనీయంగా స్థిరపడ్డాయి.

విక్టోరియా విశ్వవిద్యాలయం 2018లో మొదటి సంవత్సరం విద్యార్థులకు ‘బ్లాక్ మోడల్’ ప్రవేశపెట్టింది. ఒకేసారి నాలుగు సబ్జెక్టులు కాకుండా, ఒక్కో సబ్జెక్టును నాలుగు వారాల్లో పూర్తిచేసి తర్వాతిదానికి వెళ్లే పద్ధతి ఇది. విపత్కాలంలో ఈ అమరికకు ఒక మేలు ఉంది. సబ్జెక్టు పూర్తయిన ప్రతిసారీ విద్యార్థిని అడిగితే, మొదటి బ్లాక్‌లో బయటపడ్డ ఇబ్బందిని రెండో బ్లాక్‌కల్లా సరిదిద్దే వీలుంటుంది. సెమిస్టర్ చివర ఒక్కసారే అడిగితే, ఇబ్బంది పడ్డవారికి దాని ఫలం దక్కదు.

మహమ్మారి కాలం

కోవిడ్ వల్ల 2020 మార్చిలో తరగతులు ఆన్‌లైన్‌కు మారాయి. జులైలో మెల్‌బోర్న్‌లో రెండో లాక్‌డౌన్ మొదలైంది. ఆగస్టు 2 నుంచి రాత్రి 8 గంటలకు కర్ఫ్యూ, ఇంటి నుంచి 5 కిలోమీటర్లు దాటకూడదన్న నిబంధన వచ్చాయి. విక్టోరియా రాష్ట్రంలో కేసులు బాగా ఎక్కువగా నమోదైన ప్రాంతాల్లో విండమ్ ఒకటి. ఆరు లాక్‌డౌన్‌లు కలిపి 2021 అక్టోబరు నాటికి నగరం 262 రోజులు మూతపడింది. 2020 మార్చి 20న ఆస్ట్రేలియా సరిహద్దులు మూయడంతో స్వదేశంలో చిక్కుకున్న విదేశీ విద్యార్థులు అక్కడి నుంచే పాఠాలు విన్నారు. చలికాలంలో మెల్‌బోర్న్‌లో ఉదయం 9 గంటల క్లాసంటే హైదరాబాద్‌లో తెల్లవారుజామున నాలుగున్నర. ఇంట్లోవాళ్లు నిద్రపోతుండగా, నెట్ ఎప్పుడు ఆగిపోతుందో తెలియకుండా విన్న ఆ క్లాసుకు విద్యార్థి వేసే మార్కులో అధ్యాపకుడి వాటా ఎంత?

జాతీయ సర్వే ఏటా ప్రధానంగా ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో జరుగుతుంది. అంటే 2020లో మెల్‌బోర్న్ విద్యార్థులు కర్ఫ్యూ మధ్యనే ఆ ప్రశ్నలకు జవాబిచ్చారు. దేశం మొత్తం మీద, చదువు అనుభవం బాగుందన్న డిగ్రీ విద్యార్థులు 2019లో 78 శాతం ఉండగా 2020లో 69 శాతానికి తగ్గారు. విడివిడి అంశాలు చూస్తే అసలు సంగతి తెలుస్తుంది. తోటివారితో, సంస్థతో కలిసిమెలిసి నేర్చుకునే అనుభవానికి సంబంధించిన అంశం 60 నుంచి 44 శాతానికి కుంగిపోయింది. బోధన నాణ్యత మాత్రం 81 నుంచి 78కే తగ్గింది. విద్యార్థులు పోగొట్టుకున్నది ప్రధానంగా సహవాసాన్ని. అధ్యాపకుల కృషిని వారు గుర్తించారు. మొత్తం అంకె ఒక్కటే చూసి బోధనను తప్పుపట్టి ఉంటే, రాత్రికి రాత్రి పాఠాలను తెర మీదికి మార్చిన అధ్యాపకులకు అన్యాయం జరిగేది. 2021లో మొత్తం అంకె 73 శాతానికి కోలుకుంది.

ఇతర విపత్తులు, విమర్శలు

2011 ఫిబ్రవరి 22న క్రైస్ట్‌చర్చ్ భూకంపం తర్వాత న్యూజిలాండ్‌లోని కాంటర్‌బరీ విశ్వవిద్యాలయం గుడారాల్లో తరగతులు నడిపింది. అలాంటి సెమిస్టర్‌ను మామూలు సెమిస్టర్‌తో పోల్చలేం. మామూలు రోజుల్లోనూ ఫారాలు పక్షపాతానికి అతీతం కావు. ఆన్‌లైన్ క్లాసులో బోధకుల ఆడ, మగ గుర్తింపులను తారుమారు చేసి చూస్తే, మగవారని అనుకున్నవారికే విద్యార్థులు ఎక్కువ మార్కులు వేశారని 2015లో ఒక అమెరికన్ అధ్యయనం తేల్చింది. పదోన్నతుల కోసం బోధన సామర్థ్యాన్ని ఈ ఫారాలతో కొలవరాదని 2018లో కెనడాలోని రైయర్సన్ విశ్వవిద్యాలయ వివాదంలో మధ్యవర్తి తీర్పు ఇచ్చారు.

తెలుగు రాష్ట్రాల్లో

కాలేజీలకు గుర్తింపు, గ్రేడు ఇచ్చే సంస్థగా 1994లో ఏర్పడిన న్యాక్ 2017లో సవరించిన గుర్తింపు విధానంలో విద్యార్థి సంతృప్తి సర్వేను చేర్చింది. దాంతో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ కాలేజీల గ్రేడులోనూ విద్యార్థి మాటకు చోటు దక్కింది. 2020లో ఇక్కడి విద్యార్థులు చాలామంది ఫోన్‌లోనే పాఠాలు విన్నారు. సిగ్నల్ అందని ఊళ్లలో క్లాసు సగంలో తెగిపోవడం అధ్యాపకుల లోపం కాదు, అయినా విద్యార్థికి అది నిజమైన నష్టమే. ఆ రెండూ ఒకే మార్కులో కలిసిపోకుండా అడగాలి.

ప్రాముఖ్యం

విపత్కాలంలో ఫీడ్‌బ్యాక్‌ను ఆపేయడం పరిష్కారం కాదు. విద్యార్థి గొంతు అత్యవసరంగా వినాల్సింది అప్పుడే. మెల్‌బోర్న్ అనుభవం నేర్పే పాఠం స్పష్టమే: కోర్సు మధ్యలోనే అడగాలి, బోధన గురించి, పరిస్థితుల గురించి వేర్వేరుగా అడగాలి, విన్నదాన్నిబట్టి ఏం మార్చారో విద్యార్థులకు తిరిగి చెప్పాలి. విపత్తు వచ్చిన ఏడాది మార్కులను అధ్యాపకుల పదోన్నతికి కొలబద్దగా వాడకూడదు. ఎవరికి ఏ సాయం కావాలో తెలుసుకోవడానికి వాడితే, రెమర్స్ కాలం నాటి అసలు ఉద్దేశం నెరవేరుతుంది.