పతాకమున నడిమి రంగు

1789వ సంవత్సరమున పారిస్ ప్రజలు బాస్తీయ్ కారాగారమును పట్టుకొనిన పిమ్మట, నగరపు వర్ణములైన నీలము, ఎరుపులకు నడుమ రాజవంశపు వర్ణమైన తెలుపును చేర్చి ఒక చిహ్నమును కల్పించిరి. 1794లో ఆ మూడు రంగులును ఫ్రాన్సు దేశపు పతాకమున స్థిరపడెను. స్వేచ్ఛ, సమానత్వము, సౌభ్రాత్రము అను మూడు మాటలను ఆ రంగులకు వరుసగా జతపరచుట తరువాతి కాలపు వాడుక. విచిత్రమేమనగా, ఆ వాడుకను బట్టి సమానత్వమునకు దక్కినది రాజుగారి తెలుపు. ఈ మూడు మాటలును భారత రాజ్యాంగ పీఠికలో చోటు చేసికొన్నవి గనుక తెలుగు పాఠకులకు ఇవి పరాయివి కావు.

1789 ఆగస్టు 26న ఆమోదము పొందిన హక్కుల ప్రకటన మనుష్యులు హక్కులయందు సమానులని చాటెను. కాని గృహద్వారము కడకు వచ్చుసరికి ఆ సమానత్వము వెలుపలనే నిలిచిపోయెను. స్త్రీల పక్షమున 1791లో మరియొక ప్రకటనను వ్రాసిన ఒలింప్ ద గూజ్, రాజకీయ రచనల నేరముపై 1793లో గిలటిన్‌కు బలియయ్యెను. విప్లవ ప్రభుత్వము 1792లో విడాకులకు అనుమతి నిచ్చెను. 1804 నాటి నెపోలియన్ శాసనసంహిత భార్య భర్తకు విధేయురాలై యుండవలెనని విధించెను. తిరిగి వచ్చిన రాజరికము 1816లో విడాకులనే రద్దు చేసెను. 1884లో గాని అవి మరల రాలేదు. విధేయతా నియమము 1938 వరకు తొలగలేదు. భర్త యనుమతి లేకుండ భార్య ఉద్యోగము చేయుటకును, బ్యాంకులో ఖాతా తెరచుటకును హక్కు లభించినది 1965లో. పరస్పరాంగీకారముతో విడిపోవు పద్ధతి 1975లో పునరుద్ధరింపబడెను. సమానత్వమను మాట పతాకము నుండి పెండ్లి యింటికి చేరుటకు నూటడెబ్బది యేండ్లకు పైగా పట్టినదన్నమాట.

ఇక పోలండు చరిత్ర వేరు విధమైనది. రష్యా, ప్రష్యా, ఆస్ట్రియా రాజ్యములు 1772, 1793, 1795 సంవత్సరములలో ఆ దేశమును మూడు మారులు పంచుకొనగా, అది పటమున లేకుండ పోయి 1918లో తిరిగి లేచినది. రెండవ ప్రపంచ సంగ్రామానంతరము అచట నెలకొనిన కమ్యూనిస్టు ప్రభుత్వము సమానత్వము పేరనే పాలించెను. 1980లో గ్దాన్‌స్క్ ఓడల కర్మాగారమున కార్మికులు ‘సాలిడారిటీ’ సంఘమును స్థాపించిరి; 1981 డిసెంబరు 13న సైనిక శాసనము విధింపబడెను; 1989 జూన్ 4 నాటి ఎన్నికలతో ఆ పాలనకు అంత్యదశ ప్రాప్తించెను. 1990 జనవరి 1 నుండి విపణి పద్ధతి ఒక్కసారిగా ప్రవేశపెట్టబడెను. ఆ యేట ధరలు అంతకు ముందటి యేటితో పోల్చగా సగటున సుమారు ఏడు రెట్లయ్యెను. 1993 చివరకు పనిలేని వారు నూటికి పదునారుగురికి మించిరి. ఇదే కాలమున కొందరు అతి శీఘ్రముగ ధనవంతులైరి.

ఈ రెండు చరిత్రలును కలిసికొనిన చోట పుట్టినది 1994లో విడుదలయైన ‘తెలుపు’ అను చిత్రము. ఫ్రెంచి పతాకపు రంగులను బట్టి నిర్మింపబడిన మూడు చిత్రములలో ఇది రెండవది. దర్శకుడు క్షిష్టోఫ్ కీస్లోవ్‌స్కీ 1941లో వార్సాలో జన్మించెను. సైనిక శాసన కాలమున రాజకీయ విచారణలను చిత్రించుటకై న్యాయస్థానములకు వెళ్లినపుడు, నిందితుల పక్షమున వాదించుచుండిన క్షిష్టోఫ్ పియెసేవిచ్ అను న్యాయవాది ఆయనకు పరిచితుడయ్యెను. నాటినుండి ఇరువురును కలిసి కథలు వ్రాసిరి. ఈ చిత్రము న్యాయస్థానమున ఆరంభమై కారాగారపు కిటికీ కడ ముగియుట ఆ పూర్వకథ నెరిగినవారికి వింతగా తోచదు.

కథానాయకుడు కారోల్ కేశాలంకరణమున బహుమతులు గడించిన పోలండు దేశీయుడు. కారోల్ అనగా చార్లెస్. ఆ పేరు చార్లీ చాప్లిన్‌ను స్మరింపజేయును. అతని భార్య డొమినీక్ ఫ్రెంచి వనిత. పారిస్ న్యాయస్థానపు మెట్లకడ నిలిచిన అతని కోటుపై పావురము రెట్ట వేయుటతో పరాభవ పరంపర ప్రారంభమగును. దాంపత్యధర్మము నెరవేరలేదని భార్య విడాకులు కోరును. భాష సరిగ రాని యాతడు, తాను ఫ్రెంచి మాటలాడలేనంత మాత్రమున తన వాదమును వినరా, సమానత్వ మెచటనని దుబాసీ ద్వారమున అడుగును. సమాధానము రాదు. భార్యతో పాటు క్షౌరశాలయు, బ్యాంకులోని సొమ్మును అతనికి దూరమగును. భూగర్భ రైలుస్థానమున దువ్వెనపై కాగితము పెట్టి ఊదుచు బిచ్చమెత్తుచున్న యతనిని మికోవై అను స్వదేశీయుడు చూచి జాలిపడును. ఒక పెద్ద పెట్టెలో దాగి కారోల్ విమానముపై స్వదేశము చేరును. వార్సాలో దొంగలు ఆ పెట్టెను ఎత్తుకొనిపోయి, ధనమునకు బదులు మనిషి కనబడగా కొట్టి చెత్తకుప్పపై పడవేయుదురు. అతడు లేచి చుట్టును చూచి, తుదకు ఇల్లు చేరితినని తృప్తిపడును!

ప్రేక్షకులు ఈ ఘట్టమున నవ్వుదురు. కాని ఆ నవ్వులో ఒక జాతి యనుభవమున్నది. పోలండు ప్రజలు ఐరోపా ద్వారముకడ దీర్ఘకాలము నిలిచియుండిరి. లోనికి పోయినవారు భాష చేతను, పేదరికము చేతను తక్కువవారుగా నెంచబడిరి. కారోల్ సోదరుని క్షౌరశాలకు అప్పటికే విద్యుద్దీపముల నామఫలకము అమరినది. ఇప్పుడిది ఐరోపా యని సోదరుడు గర్వముతో చెప్పును. ఆ ఐరోపాలో దేనికైనను వెల కలదు. గిడ్డంగులకై భూమి కొనదలచిన యజమానుల మాటలు చాటుగ విని, కారోల్ ముందుగనే రైతులకడ ఆ భూమిని కొని, ఎక్కువ ధరకు వారికే అమ్మి ధనవంతుడగును. తరువాత తన యాస్తి నంతయు డొమినీక్ పేర వ్రాసి, రష్యానుండి తెప్పించిన ఒక శవమును తన పేర పూడ్పించి, తాను మరణించినట్లు లోకమును నమ్మించును. అంత్యక్రియలకు వచ్చి కన్నీరు కార్చిన భార్యకు ఆ రాత్రి ప్రత్యక్షమై భర్తగా ఆమెను చేరును. మరునాడు అతడు మాయమగును. భర్తను చంపించినదన్న నేరముపై ఆమె నిర్బంధింపబడును. పరభాష నడుమ దిక్కులేక నిలుచుట ఇపుడు ఆమె వంతు.

దీనితో ఇరువురును సమానులైరా? మనుష్యుడు నిజమునకు సమానత్వమును కోరడనియు, ఇతరులకంటె ఒక మెట్టు పైన నుండుటనే కోరుననియు కీస్లోవ్‌స్కీ యభిప్రాయము. కారోల్ కోరినది భార్యతో సాటి. సంపాదించినది ఆమెపై గెలుపు. లెక్క సరిపోయినది గాని కాపురము మిగులలేదు. అతడును చట్టము దృష్టిలో మృతుడే. స్వదేశమున తన పేరు చెప్పుకొని తిరుగలేడు. చివరి దృశ్యమున కారాగారపు ఆవరణలో నిలిచి దుర్భిణితో ఆమె కిటికీని చూచును. ఆమె చేతి సైగలతో మరల వివాహము చేసికొందమని తెలుపును. అతడు కన్నీరు కార్చును.

చిత్రమున నిజమైన సమానత్వము ఒక్కచోట మాత్రము కనబడును. బ్రతుకుపై విసిగిన మికోవై, తనను చంపుమని ధనమిచ్చి కారోల్‌ను నియమించుకొనును. కారోల్ మొదట ఉత్త తూటాను పేల్చి, నిజముగ కావలెనా యని మరల అడుగును. మికోవై వలదని చెప్పును. తదుపరి ఆ యిరువురును గడ్డకట్టిన మంచుపై పిల్లలవలె జారుచు ఆడుకొందురు. వారిలో ఒకరి దైన్యమును రెండవవాడు చూచియున్నాడు; ఎవడును దానిని ఆయుధము చేసికొనలేదు. భార్యాభర్తల నడుమ లోపించినది ఇదియే.

ఈ చిత్రమునకు 1994 బెర్లిన్ చలనచిత్రోత్సవమున ఉత్తమ దర్శకునికిచ్చు వెండి ఎలుగుబంటి బహుమానము లభించెను. కీస్లోవ్‌స్కీ 1996 మార్చి 13న యేబదినాలుగవ యేట మరణించెను. పోలండు 2004 మే 1న ఐరోపా సమాఖ్యలో సభ్యత్వము పొందెను. కారోల్, డొమినీక్‌ల కథ మాత్రము మూడవ చిత్రమైన ‘ఎరుపు’లో ఒక్క క్షణము కొనసాగినది. ఓడ ప్రమాదమున బ్రతికి బయటపడిన కొద్దిమందిలో వారిరువురును కలరు. ఎరుపు సౌభ్రాత్రపు రంగు. కారాగారమునుండి ఆమె యెట్లు బయటపడెనో, ఎవరు ఎవరిని క్షమించిరో దర్శకుడు చెప్పలేదు. ఒకే ఓడలో కలిసి ప్రయాణము చేసిరని మాత్రము చూపెను.