పిడికెడు జొన్నలు

‘రైస్ క్రిస్టియన్’ అన్న మాట మొదటిసారి ఒక ఇంగ్లీషు పుస్తకంలో చదివినప్పుడు నాకొచ్చిన అనుమానం మతం గురించి కాదు, రైస్ గురించి. మనూర్‌లో అప్పట్లో బియ్యం ఎక్కడివి? మా అమ్మమ్మ చిన్నతనంలో వరిబువ్వ అంటే పండగపూట సంగతి. మిగిలిన రోజులన్నీ జొన్నరొట్టె, గటక, అంబలి. కరువులో మిషనరీలు పెట్టిన తిండికి ఆశపడి మతం మారినవాళ్ళని వెక్కిరించడానికి వాడిన మాట అది. మొదట వాడినవాళ్ళు తెల్లవాళ్ళే. తర్వాత మనవాళ్ళు అందుకున్నారు. నేను హాస్టల్లో, ఆఫీసులో, ఫేస్‌బుక్‌లో దాని తెలుగు రూపాలు చాలానే విన్నాను. ‘పాలపొడి బ్యాచ్’, ‘గోధుమరవ్వ బ్యాచ్’ వగైరా.

ఈ మాటకి జవాబు చెప్పాలని కాదు గానీ, ఈ కథలో ధాన్యం ఎటునుంచి ఎటు కదిలిందో ఒకసారి లెక్క చూడాలనిపించింది. లెక్కలు నా వృత్తి కాబట్టి.

ముందు ఊరి సంగతి. మనూర్ ఇప్పుడు సంగారెడ్డి జిల్లాలో నారాయణఖేడ్ దగ్గరి మండల కేంద్రం. 2016 దాకా మెదక్ జిల్లా. ఇంకా వెనక్కి, 1956కు ముందు, నారాయణఖేడ్ తాలూకా మొత్తం బీదర్ జిల్లాలో ఉండేది. రాష్ట్రాల పునర్విభజనలో బీదర్ మైసూరుకి పోయింది, మేం ఇటు మిగిలాం. అందుకే మా మాటలో కన్నడం, మరాఠీ, ఉర్దూ కలగలిసి ఉంటాయి. హైదరాబాద్‌లో నేను నోరు తెరిస్తే ‘మీది ఏ స్టేట్?’ అని అడిగినవాళ్ళున్నారు. క్రైస్తవం కూడా ఈ ప్రాంతానికి రెండు వైపుల నుంచి వచ్చింది. మెదక్ వైపు బ్రిటిష్ వెస్లియన్ మెథడిస్టులు, బీదర్ వైపు అమెరికన్ మెథడిస్టులు. ఇద్దరికీ మూలపురుషుడు పద్దెనిమిదో శతాబ్దపు జాన్ వెస్లీయే. 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘం ఏర్పడినప్పుడు మెదక్ వాళ్ళు అందులో కలిశారు, అమెరికన్ మెథడిస్టులు కలవలేదు. అమ్మమ్మకి ఈ తేడాలతో పనిలేదు. ఆమెకి రెండూ ‘గుడి’నే. మా వైపు చర్చిని గుడి అనే అంటారు.

ఈ ప్రాంతపు క్రైస్తవ చరిత్ర అనగానే అందరూ మెదక్ చర్చి దగ్గర మొదలుపెడతారు. చార్లెస్ వాకర్ పాస్నెట్ అనే వెస్లియన్ మిషనరీ పదేళ్ళపాటు కట్టించాడు. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగింది. గోపురం 175 అడుగులు. కరువు రోజుల్లో కూలీలకి పనీ తిండీ దొరకాలని ఆ కట్టడం మొదలుపెట్టాడని చెప్తారు. చిన్నప్పుడు క్రిస్మస్‌కి అక్కడి జనంలో నలిగినవాడిని, ఆ కిటికీల రంగుటద్దాలు చూసి నోరు తెరిచినవాడిని, దాన్ని తక్కువచేయను. కానీ ఆ కథ చెప్పే తీరులో ఒక ఇబ్బంది ఉంది. అందులో మనవాళ్ళు ఎప్పుడూ చేయి చాచేవాళ్ళే. ఇచ్చేది దొర. ఊళ్ళో దొర బదులు తెల్లదొర, అంతే. ‘రైస్ క్రిస్టియన్’ అని తిట్టేవాళ్ళూ, పాస్నెట్‌ని పొగిడేవాళ్ళూ ఒకే బొమ్మ గీస్తున్నారు.

మా వంటింట్లో నేను చూసింది వేరు. రొట్టెకి పిండి తీసే ముందు, గటకకి జొన్నలు తీసే ముందు అమ్మమ్మ ఒక పిడికెడు పక్కన ఉన్న చిన్న కుండలో వేసేది. మరిచిపోయి పొయ్యి ముట్టిస్తే అమ్మని కసిరేది, “దేవుని పాలు తీసినవా?” అని. పాలు అంటే ఇక్కడ వాటా. ఆ కుండ నిండాక ఆదివారం గుడికి పోయేది. ఇదేదో మా ఇంటి ఆచారం అనుకునేవాణ్ణి. కాదు. డోర్నకల్ మేత్రాసనంలో తెలుగు క్రైస్తవ స్త్రీలు వంట చేసే ప్రతిసారీ ఇలాగే పిడికెడు తీసిపెట్టేవాళ్ళు. మిజోరంలో ఇదే పద్ధతి 1910లో మొదలై, అక్కడి చర్చికి ఇవాళ్టికీ పెద్ద ఆదాయంగా ఉంది.

లెక్క వేద్దాం. పిడికెడు అంటే యాభై గ్రాములు అనుకోండి. రోజుకి రెండుపూటలు. ఏడాదికి ముప్పై ఆరు కిలోలు పైమాట. గూడెంలో నలభై ఇళ్ళు ఉన్నాయనుకుంటే పధ్నాలుగు క్వింటాళ్ళు దాటుతుంది. పొలం లేని, ఉన్నా చెలకముక్క మాత్రమే ఉన్న ఇళ్ళ నుంచి! ఆ ధాన్యం ఊరి ఉపదేశికుడి కడుపు నింపేది. చాలా ఊళ్ళలో ఆ ఉపదేశికుడే రాత్రిబడి పంతులు కూడా. అంటే పిల్లలకి మొదటి అక్షరాలు దిద్దించిన జీతంలో కొంత ఈ కుండల్లోంచి వచ్చింది. మిషన్ డబ్బు లేదని కాదు, ఉంది. కానీ కుండ కూడా ఉంది. దాన్ని ఎవరూ ఫొటో తీయలేదు.

దీన్ని ఒక సిద్ధాంతంగా పట్టుకున్న మనిషి వి. ఎస్. అజరయ్య. తిరునల్వేలి ప్రాంతపు తమిళుడు. 1912లో డోర్నకల్ బిషప్ అయ్యాడు. ఆంగ్లికన్ సంఘంలో మొట్టమొదటి భారతీయ బిషప్. ఎంత పేదవాళ్ళైనా సరే ఇవ్వాల్సిందే, తన సంఘాన్ని తనే పోషించుకోవాల్సిందే అనేవాడు. దీనిమీద ఒక పుస్తకమే రాశాడు. మొదట తెలిసినప్పుడు నాకు ఒళ్ళు మండింది. తినడానికి లేనివాడి దగ్గర వసూళ్ళేంటి అని. ఇప్పటికీ ఆ కోపం పూర్తిగా పోలేదు. ఇవాళ టీవీల్లో ‘విత్తనం వేయండి’ అంటూ ఖాతా నంబరు చూపించే బోధకుల్ని చూస్తే ఇంకా పెరుగుతుంది. కానీ అజరయ్య చెప్పినదాన్ని అర్థం చేసుకోవాలంటే ముందు కల్లం దగ్గరికి వెళ్ళాలి.

పాత రోజుల్లో, కోత అయ్యాక, కల్లంలో రాశి పోసి పూజ చేసి కొలిచేవాళ్ళు. ఏడాది పొడుగునా మోటకి తోలు కుట్టినవాడు, వార్లు పేనినవాడు, చెప్పులు ఇచ్చినవాడు, చచ్చిన గొడ్డుని మోసినవాడు, ఊరికి డప్పు కొట్టినవాడు, అందరూ ఆ రోజు కల్లం అంచున నిలబడాలి. బలూత అని మా సరిహద్దు వైపు మాట. అది జీతం. ఏడాది పనికి జీతం. కానీ ఇచ్చేవాడు ఇచ్చే తీరు దానంలా ఉండేది, పుచ్చుకునేవాడు దండం పెట్టి, ‘నీ కాల్మొక్త’ అని తీసుకోవాలి. తక్కువ కొలిచినా దండమే. వెట్టి ఉన్నచోట అదీ లేదు. అప్పు కింద తరాల తరబడి భగేలాగా పడి ఉన్నవాడికి తిండి పెడితే చాలు, అదే ఉపకారం. అంటే ఈ ఊళ్ళలో కృతజ్ఞత అనేది మంచి గుణం కంటే ముందు ఒక పన్ను. కూలిలోంచే కోసుకునే పన్ను.

కోత పండుగ ఇదే కల్లాన్ని తిరగేసింది. మా వైపు క్రిస్మస్ తర్వాత గుళ్ళో జరిగే అతిపెద్ద సందడి అదే. జొన్నకంకులు, కందులు, పెసలు, గుమ్మడికాయలు, కోళ్ళు, గుడ్లు, చీపురుకట్టలు, మేకపిల్ల కూడా, నెత్తిన పెట్టుకునీ చంకన పెట్టుకునీ వరసగా వచ్చి బలిపీఠం ముందు పెడతారు. కల్లం అంచున నిలబడి వంగినవాడి మనవరాలు నడుం నిటారుగా నడిచొచ్చి ఇస్తుంది. ఎవరికి కృతజ్ఞత చెప్పాలో ఇప్పుడు ఆమె నిర్ణయం. దొరకి మాత్రం కాదు. ప్రార్థన అయ్యాక హర్రాజు. ఇరవై రూపాయల గుమ్మడికాయ బావామరదుల పంతంలో ఐదువందలకి పోతుంది. పాస్టర్‌గారి వాక్యం కన్నా జనం ఎదురుచూసేది దీనికోసమే. ఈ నవ్వులాట చూడకుండా అజరయ్యని కఠినుడు అనడం తేలిక. ఇవ్వగలిగినవాడే మనిషి అని ఊరి రూలు అయినప్పుడు, ఇవ్వనివ్వడం అనేది చిన్న విషయం కాదు.

1930ల్లో గాంధీ తన ‘హరిజన్’ పత్రికలో ఈ సామూహిక మతమార్పిడుల మీద చాలా రాశాడు. మంచి చెడ్డలు తేల్చుకునే స్తోమత దళితులకి లేదన్న ధోరణి అందులో ఉంది. పిడికిలి తీసే ముందు రోజూ రెండుసార్లు తేల్చుకున్న ఆడవాళ్ళ గురించి ఆయనకి ఎవరైనా చెప్పారో లేదో.

కుండ తర్వాత నాకు ముఖ్యమనిపించేది సాక్ష్యం. డిసెంబరు 31 రాత్రి కూడిక మీరు ఎప్పుడైనా చూశారా? ఒక్కొక్కరు లేచి ఆ ఏడాది తమకేం జరిగిందో చెప్తారు. బోరు పడింది, కోడలికి కాన్పు అయింది, పాము కరిచినా బతికాం, పంట పోయినా ప్రాణం మిగిలింది. ఈ రాత్రి జాగరణని పద్దెనిమిదో శతాబ్దంలో వెస్లీ ఇంగ్లండ్ మెథడిస్టులకి అలవాటు చేశాడు. అక్కడి మొదటి శ్రోతల్లో బొగ్గు గని కార్మికులు కూడా ఉన్నారు. పక్కింటివాడి ముందు లేచి సొంత బతుకు చెప్పుకోవడం వాళ్ళకీ కొత్తే. అది మా గూడేలకి వచ్చేసరికి ఇంకో అర్థం తొడుక్కుంది. చావడి ముందు తలెత్తడానికి వీల్లేని మనిషి, అందులోనూ ఆడమనిషి, వందమంది ఎదురుగా నిలబడి ‘నేను’ అని వాక్యం మొదలుపెడుతుంది. తెలుగులో ఆత్మకథల మీద వ్యాసాలు రాసేటప్పుడు మనం అచ్చుపుస్తకాలే లెక్కపెడతాం. సంతకం రాని మా అమ్మమ్మ కనీసం అరవై సంవత్సరాంతాలు తన ఆత్మకథని ఒక్కో అధ్యాయం చొప్పున చెప్పింది. ఎడిటింగ్ కూడా బాగా చేసేది. తాత తాగుడు సంగతి ఎన్నడూ రాలేదు.

ఇదంతా స్వచ్ఛమైన, పుస్తకాల్లో ఉన్న క్రైస్తవం అనుకోవద్దు. మెదక్ ప్రాంతపు పల్లెల్లో 1959లో పి. వై. లూక్, జాన్ కార్మన్ తిరిగి రాసిన అధ్యయనం 1968లో పుస్తకంగా వచ్చింది. గుడికీ వెళ్తూ, ఊరి దేవతల పండగల్లోనూ పాలుపంచుకునే కుటుంబాలు అందులో కనిపిస్తాయి. 2009లో కార్మన్, చిల్కూరి వసంతరావుతో కలిసి అవే ఊళ్ళని మళ్ళీ చూశాడు. ఆ పుస్తకం 2014లో వచ్చింది. పాత సంఘాలు కొన్నిచోట్ల చిక్కిపోయాయి, స్వస్థత ప్రార్థనల చుట్టూ కొత్త గుంపులు పుట్టుకొచ్చాయి. ఈ రెండు పుస్తకాలూ పక్కపక్కన పెట్టుకుని చదవడం నాకు చాలా ఇష్టమైన పని. ఒకే రిపాజిటరీని యాభై ఏళ్ళ తేడాతో రెండుసార్లు తెరిచినట్టు ఉంటుంది. సాహిత్యంలో అయితే కల్యాణరావు ‘అంటరాని వసంతం’ ఉంది. ఎల్లన్న వంశంలోంచి రూబేను దాకా పేర్లు మారుతూ పోవడం, ఆ జ్ఞాపకమంతా రూతు అనే ముసలామె నోట రావడం. అది కోస్తా కథ, కోపం ఉన్న కథ. కృతజ్ఞత దగ్గర ఆగిపోవడానికి ఒప్పుకోని కథ.

ఆ కోపం దగ్గరికి నేనూ వస్తాను. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం షెడ్యూల్డ్ కులం హోదా హిందువులకే. 1956లో సిక్కు దళితులకి, 1990లో బౌద్ధులకి విస్తరించారు. క్రైస్తవ దళితులకి లేదు. మన రాష్ట్రంలో వాళ్ళు బీసీ-సీ, ఒక్క శాతం. దీనివల్ల ఎన్ని ఇళ్ళల్లో బడి పేరు ఒకటి, బాప్తిస్మం పేరు ఇంకొకటి ఉంటాయో తెలుగువాళ్ళకి చెప్పక్కర్లేదు. గుళ్ళో సాక్ష్యం చెప్పే నోరు తహసీల్దార్ ఆఫీసులో మూసుకోవాలి. దేవుడికి థ్యాంక్స్ చెప్పడానికి రాజ్యం వేసిన జరిమానా ఇది. నా దృష్టిలో ఇది అన్యాయం, వేరే మెత్తటి మాట దొరకడం లేదు.

మా ఇంట్లో ఈ చర్చ ప్రతి పండక్కీ వస్తుంది. నాకు ఉద్యోగం వచ్చినప్పుడు అమ్మ కృతజ్ఞత కూడిక పెట్టింది. పాటలు, ప్రార్థన, పులిహోర, చికెన్. మా మేనమామ కొడుకు, నాకు బావ, లెక్చరర్, అంబేద్కర్‌వాది, గుమ్మం దగ్గరే మొదలుపెట్టాడు. “చదివింది వీడు, స్కాలర్‌షిప్ పోరాడి తెచ్చింది మనవాళ్ళు, దారి వేసింది బాబాసాహెబ్. మధ్యల దేవుడికెందుకత్తా థ్యాంక్స్?” అమ్మ ప్లేట్లు సర్దుతూ, “ఆయనకి కూడా చెప్తున్న గదరా, గోడకు జూడు” అంది. మా ముందుగదిలో వాగ్దాన వచనం ఉన్న క్యాలెండరూ అంబేద్కర్ ఫొటో ఒకే మేకు వరసలో ఉంటాయి. బావ ఊరుకోలేదు. దేవుడికి చెప్తూ కూచుంటే గవర్నమెంటుని అడగడం మర్చిపోతామన్నాడు. అందులో నిజం ఉంది. ప్రభుత్వాసుపత్రిలో మందులు లేక చావు దగ్గరదాకా పోయినవాళ్ళు, బతికి బట్టకట్టాక, ఆసుపత్రి మీద ఒక్క ఫిర్యాదూ లేకుండా స్తుతి చెల్లించడం నేనే విన్నాను. అయితే కల్లం దగ్గర దండం పెట్టడం మానేసినవాళ్ళు కూడా వీళ్ళే. రెండూ ఒకే ఇంట్లో, ఒకే నోట్లో ఉన్నాయి. బావకి ఒకటే వినిపిస్తుంది. అమ్మకి రెండోదే వినిపిస్తుంది.

అమ్మమ్మ పోయాక అమ్మ మా దగ్గరికి, హైదరాబాద్ వచ్చేసింది. మేం వెళ్ళే చర్చిలో కానుకల పెట్టె పక్కనే క్యూఆర్ కోడ్ అంటించారు. ధాన్యం తీసుకోరు. అయినా అమ్మ కుక్కర్ పెట్టే ముందు పిడికెడు సోనామసూరి తీసి హార్లిక్స్ సీసాలో వేస్తుంది. నిండితే సంచిలోకి. మా పాప కూడా తన చిన్న పిడికిలితో వేయడం మొదలుపెట్టింది. పోయిన కోత పండక్కి ఆ సంచిని మనూర్ తీసుకెళ్ళాం. హర్రాజులో మొదటి పాట రెండువందలు. పంతం పెరిగి తొమ్మిదివందల దగ్గర ఆగింది. పాడుకున్నది మా బావ.