డెంటల్ అసిస్టెంట్ శిక్షణ (సూరత్)

పళ్ల డాక్టర్ చికిత్స చేస్తున్నంతసేపూ పక్కన ఉండి పరికరాలు అందించే, నోట్లో చేరే నీటిని సక్షన్ గొట్టంతో లాగేసే, వాడిన సామగ్రిని శుభ్రం చేసి మళ్లీ సిద్ధం చేసే ఉద్యోగే డెంటల్ అసిస్టెంట్. దేశంలోని చాలా నగరాల్లోలాగే గుజరాత్‌లోని సూరత్‌లోనూ ఈ పనిని ఎక్కువమంది క్లినిక్‌లో చేరాక, డాక్టర్ చెబుతుంటే చేస్తూ నేర్చుకుంటారు. సర్టిఫికెట్ కోర్సులు వచ్చింది ఇటీవలి కాలంలోనే.

తొలి రోజులు

అమెరికాలోని న్యూ ఆర్లీన్స్‌లో ఎడ్మండ్ కెల్స్ అనే దంతవైద్యుడు 1885లో తన క్లినిక్‌లో ఒక మహిళను సహాయకురాలిగా పెట్టుకోవడంతో ఈ వృత్తి మొదలైందని చెబుతారు. పళ్లకు ఎక్స్‌రే వాడిన తొలితరం వైద్యుల్లోనూ ఆయన ఒకరు. రక్షణ లేకుండా ఏళ్ల తరబడి ఆ కిరణాలకు గురవడంతో ఆయన చేతికి క్యాన్సర్ సోకింది. అందుకే రోగి నోట్లోని ఎక్స్‌రే ఫిల్మును సిబ్బంది తమ చేత్తో పట్టుకోకూడదని ఈనాడు కొత్తగా చేరినవారికి ముందే చెబుతారు. 1924లో జూలియెట్ సదర్డ్ చొరవతో అమెరికాలో అసిస్టెంట్లకు సొంత సంఘం ఏర్పడింది. 1960ల్లో రోగిని పడుకోబెట్టి, డాక్టర్, అసిస్టెంట్ ఇద్దరూ కూర్చుని చేసే ‘నాలుగు చేతుల’ పద్ధతి వ్యాపించింది. దానితో అసిస్టెంటుకు పద్ధతి ప్రకారం శిక్షణ ఇవ్వడం తప్పనిసరైంది.

భారతదేశంలో

1920లో రఫీయుద్దీన్ అహ్మద్ కలకత్తాలో దేశపు తొలి దంతవైద్య కళాశాలను స్థాపించారు. 1941లో సైన్యంలో డెంటల్ కోర్ ఏర్పడింది. 1948 నాటి దంతవైద్యుల చట్టం డాక్టర్లతోపాటు రెండు వృత్తులను గుర్తించింది. పళ్లపై గార తీసి శుభ్రం చేసే హైజీనిస్టు ఒకరు, కట్టుడు పళ్లు తయారుచేసే మెకానిక్ మరొకరు. కుర్చీ పక్కన ఉండే అసిస్టెంటు పేరు ఆ చట్టంలో లేదు. కోర్సు, పరీక్ష, రిజిస్ట్రేషన్ ఆ ఇద్దరికీ వచ్చాయి. అసిస్టెంటుకు డాక్టర్ నేర్పిందే చదువైంది.

సూరత్ నేపథ్యం

గుజరాత్ ప్రభుత్వ దంతవైద్య కళాశాల 1963లో అహ్మదాబాద్‌లో మొదలైంది. సూరత్‌కు ప్రభుత్వ వైద్య కళాశాల 1964లో వచ్చింది. వజ్రాల సాన, బట్టల మిల్లులతో నగరం పెరిగేకొద్దీ వీధివీధినా ప్రైవేటు దంత క్లినిక్‌లు వెలిశాయి. సౌరాష్ట్ర, ఒడిశా, మహారాష్ట్రల నుంచి, తెలంగాణ నుంచి వచ్చిన కార్మికులు ఇక్కడ స్థిరపడ్డారు. నగరంలోని లింబాయత్ వైపు తెలుగు మాట్లాడే పద్మశాలి కుటుంబాలు ఎక్కువ. నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలోనూ బడులు నడుపుతోంది. ఇలాంటి ఊళ్లో రోగి మాట అర్థం చేసుకుని డాక్టరుకు చెప్పగల అసిస్టెంటు క్లినిక్‌కు పెద్ద అండ.

వక్క, సున్నం, పొగాకు కలిపిన ‘మావా’ నమిలే అలవాటు గుజరాత్‌లో బలంగా ఉంది. వక్క నమలడంవల్ల బుగ్గల లోపలి పొర గట్టిపడి నోరు సరిగా తెరుచుకోని జబ్బు వస్తుంది. అలాంటి రోగికి పన్ను తీసేటప్పుడు డాక్టరుకు చోటు చాలదు. బుగ్గను సున్నితంగా పక్కకు జరిపి, వెలుతురు సరిచేసి, ఉమ్మి తీసే నేర్పు అప్పుడే అక్కరకొస్తుంది.

నేర్పే పని

రోగి ముఖాన్ని గడియారంగా ఊహించుకుంటే నుదుటి వైపు పన్నెండు. కుడిచేతి వాటం డాక్టర్ ఏడుకూ పన్నెండుకూ మధ్య కూర్చుంటే, అసిస్టెంటు స్థానం రెండుకూ నాలుగుకూ మధ్య. నోటి లోపల కనబడాలంటే అసిస్టెంటు స్టూలు డాక్టర్ స్టూలు కంటే ఎత్తుగా, సుమారు 10–15 సెంటీమీటర్లు పైన ఉండాలి. పరికరాలు రోగి కళ్లమీదుగా కాకుండా గడ్డం దగ్గర చేతులు మారతాయి.

శిక్షణలో అన్నిటికంటే బరువైన పాఠం శుద్ధి. వాడిన పరికరాన్ని ముందు తోమి కడగాలి. రక్తపు మరక మిగిలితే శుద్ధి చేసే ఆవిరి దాని కిందికి చేరదు. ఆరబెట్టి, సంచిలో మూసి, ఆటోక్లేవ్ యంత్రంలో 121 డిగ్రీల సెల్సియస్ ఆవిరిలో కనీసం 15 నిమిషాలు ఉంచాలి. 2016 జీవవైద్య వ్యర్థాల నిబంధనల ప్రకారం రక్తం అంటిన దూది పసుపు సంచిలోకి, ప్లాస్టిక్ గొట్టాలు ఎర్ర సంచిలోకి, సూదులు గుచ్చుకుపోని తెల్ల డబ్బాలోకి పోవాలి. సూదికి మూత పెట్టాల్సి వస్తే మూతను బల్లపై ఉంచి ఒంటిచేత్తోనే ఎక్కించాలి. హెపటైటిస్-బి టీకా పూర్తికాకముందే కొత్తవారిని సూదుల దగ్గరికి పంపడం అన్యాయం.

గుర్తింపు

2015లో మొదలైన ప్రధానమంత్రి కౌశల్ వికాస్ యోజనతో స్వల్పకాలిక నైపుణ్య శిక్షణ దేశమంతటా విస్తరించింది. ఆరోగ్య రంగ నైపుణ్య మండలి డెంటల్ అసిస్టెంటు పనికి జాతీయ ప్రమాణాలు రాసింది. 1948 చట్టం స్థానంలో 2023లో పార్లమెంటు ఆమోదించిన జాతీయ దంత కమిషన్ చట్టం దంత సహాయక వృత్తులకూ రిజిస్టర్ ఉండాలంటోంది. పరికరం సరిగా శుద్ధి అయిందో లేదో కుర్చీలో పడుకున్న రోగి చూసుకోలేడు, ఆ పని చేసినవారికే తెలుస్తుంది. అంత బాధ్యత మోసేవారికి శిక్షణ, పరీక్ష, సర్టిఫికెట్, దానికి తగిన జీతం ఉండటం రోగి భద్రతలో భాగం.