మేకల రక్త పరాన్నజీవులు: జన్యు పరీక్షల చరిత్ర

థైలీరియా, బబీసియా, అనాప్లాస్మా, ట్రిపనోసోమా మేకల రక్తంలో బతికే సూక్ష్మజీవులు. మొదటి మూడూ ప్రధానంగా గోమార్ల వల్ల వ్యాపిస్తాయి. ట్రిపనోసోమా ఇవాన్సీని జోరీగలు మోస్తాయి. అనాప్లాస్మా నిజానికి బ్యాక్టీరియా. పాత అలవాటు కొద్దీ పరాన్నజీవుల లెక్కలోనే ఉండిపోయింది. వీటిని డీఎన్ఏ ఆధారంగా పోల్చుకునే పరీక్షలు 20వ శతాబ్దపు చివర్లో వాడుకలోకి వచ్చాయి.

అంతకుముందు ఆధారమంతా సూక్ష్మదర్శినే. 1880లో గ్రిఫిత్ ఇవాన్స్ డేరా ఇస్మాయిల్ ఖాన్‌లో సర్రా వ్యాధి సోకిన గుర్రాలు, ఒంటెల రక్తంలో ట్రిపనోసోమాను చూశారు. 1888లో రొమేనియాలో విక్టర్ బాబెష్ పశువుల ఎర్రకణాల్లో కనుగొన్న జీవికి తర్వాత ఆయన పేరే పెట్టారు. 1904 నాటి గీమ్సా రంగు నేటికీ వాడుకలో ఉంది.

మేకల విషయంలో ఈ పద్ధతికి ఇబ్బంది ఎక్కువ. మనిషి ఎర్రకణం వ్యాసం 7 మైక్రాన్లు దాటితే, మేకది 3–4 మైక్రాన్లే. అందులో చుక్కలా కనిపించేది అనాప్లాస్మానో, కణంలో మిగిలిన కేంద్రకపు ముక్కో తేల్చడం అనుభవజ్ఞులకూ కష్టమే. మందను తుడిచిపెట్టగల థైలీరియా లెస్టోక్వార్డీ, సాధారణంగా హాని చేయని థైలీరియా ఓవిస్ కూడా స్లైడు మీద దాదాపు ఒకేలా ఉంటాయి. మందులు మాత్రం వేరు: థైలీరియాకు బుపార్వాక్వోన్, అనాప్లాస్మాకు ఆక్సీటెట్రాసైక్లిన్.

1983లో కేరీ మల్లిస్ రూపొందించిన, డీఎన్ఏ ముక్కకు అనేక ప్రతులు తీసే పీసీఆర్ పద్ధతి ఈ చిక్కు విప్పింది. థైలీరియా, బబీసియాలకు 18ఎస్ ఆర్ఆర్ఎన్ఏ జన్యువు, అనాప్లాస్మా ఓవిస్‌కు ఎంఎస్‌పీ4 జన్యువు గుర్తులయ్యాయి. దీని అసలు ఫలితం చైనాలో కనిపించింది. అక్కడ గొర్రెలనూ మేకలనూ చంపుతున్నది లెస్టోక్వార్డీయే అనుకున్నారు. 18ఎస్ వరుస చదివాక అది వేరే జీవి అని, అదీ ఒకటి కాదు, రెండు జాతులని తేలింది. 2007లో వాటికి థైలీరియా లువెన్‌షుని, థైలీరియా ఉయిలెన్‌బెర్గి అని పేర్లు పెట్టారు. లువెన్‌షునిని తర్వాత భారత్‌లోనూ గుర్తించారు.

ఒకే నమూనాలో పలు జాతులను వెతికే రివర్స్ లైన్ బ్లాట్, ఒకే ఉష్ణోగ్రత వద్ద పనిచేసే ల్యాంప్ పద్ధతి తర్వాత తోడయ్యాయి. జబ్బు నుంచి కోలుకున్నాక కూడా క్రిమిని మోసే మేకలను పట్టుకోవడంలో స్లైడు కన్నా ఇవే మేలు. అయితే పరీక్షలో డీఎన్ఏ దొరికినంత మాత్రాన మేక జబ్బుపడిందని కాదు. జ్వరం, పాలిపోయిన కనురెప్పలు, స్లైడులోని క్రిముల సంఖ్య కలిపి చూశాకే వైద్యం నిర్ణయించాలి.