గని డంపర్లలో ఆటోమేటిక్ గేర్‌బాక్స్: బరువు, ఎత్తు, వేడి

ఓపెన్‌కాస్ట్ గనుల్లో బొగ్గునూ, దాని మీదున్న మట్టినీ బండనూ మోసే డంపర్లకు క్లచ్ పెడల్ ఉండదు. ఇంజనుకూ చక్రాలకూ మధ్య నూనె ఒత్తిడితో తనంతట తానే గేరు మార్చుకునే పెట్టె ఒకటి ఉంటుంది. అదే ఆటోమేటిక్ గేర్‌బాక్స్. సమతల రోడ్డు మీద ఖాళీగా తిరిగే బండిలో ఇది ఏళ్ల తరబడి పేచీ పెట్టదు. పెద్ద బరువుతో ఎత్తు ఎక్కాల్సి వచ్చినప్పుడే దానికి అసలు పరీక్ష. మంచిర్యాల జిల్లా నస్పూర్ పరిసరాల్లో ఆ పరీక్ష ప్రతి షిఫ్టులోనూ జరుగుతుంది.

నస్పూర్ సింగరేణి బొగ్గు సంస్థ శ్రీరాంపూర్ ఏరియాలోని ఊరు. 2016 అక్టోబరు 11న పాత ఆదిలాబాద్ నుంచి మంచిర్యాల జిల్లా విడిపోయాక కలెక్టరేట్ భవనాన్ని ఇక్కడే కట్టారు. ఈ చుట్టుపక్కల ఆర్‌కే 5, ఆర్‌కే 6, ఆర్‌కే 7 లాంటివి భూగర్భ గనులు. వాటిలో బొగ్గు పైకి రావడానికి హాలేజీ తాళ్లూ కన్వేయర్ బెల్టులూ చాలు, డంపరు అవసరం లేదు. సింగరేణిలో యంత్రాలతో ఓపెన్‌కాస్ట్ తవ్వకం 1970ల మధ్యలో గోదావరి అవతల రామగుండంలో మొదలైంది. తర్వాతి కాలంలో శ్రీరాంపూర్, ఇందారం, రామకృష్ణాపూర్ ఓపెన్‌కాస్ట్ ప్రాజెక్టులతో అది ఇవతలి ఒడ్డుకూ వచ్చింది. దాంతోపాటే షావెళ్లు, డోజర్లు, డంపర్లు వచ్చాయి. తట్టా చెమ్మాస్ (పార) పట్టిన చేతుల పక్కన స్టీరింగ్ పట్టే ఆపరేటర్లు, గేర్‌బాక్స్ విప్పి బిగించే ఫిట్టర్లు ఒక కొత్త తరంగా తయారయ్యారు. సింగరేణి చరిత్ర రాసేవాళ్లు ఈ వర్క్‌షాపు మనుషులకు ఇవ్వాల్సినంత చోటు ఇంకా ఇవ్వలేదు.

పుట్టుక

ద్రవం ద్వారా శక్తిని అందించవచ్చన్న ఆలోచన ఓడల కోసం పుట్టింది. జర్మన్ ఇంజనీరు హెర్మన్ ఫోటింగర్ 1905లో దానికి పేటెంటు తీసుకున్నాడు. చాలా వేగంగా తిరిగే ఆవిరి టర్బైనుకూ, నెమ్మదిగా తిరగాల్సిన ఓడ పంకాకూ పొత్తు కుదర్చడం ఆయన ఉద్దేశం. ఇంజనుతో తిరిగే చక్రం నూనెను విసురుతుంది, ఆ విసురుకు ఎదుటి చక్రం తిరుగుతుంది. మధ్యలో ఉండే మూడో చక్రం, స్టేటర్, తిరిగొచ్చే నూనెను దారి మళ్లించి లాగుడు బలాన్ని పెంచుతుంది. దీన్నే టార్క్ కన్వర్టర్ అంటారు.

కార్లలోకి ఇది ఆలస్యంగా వచ్చింది. జనరల్ మోటార్స్ 1940 మోడల్ ఓల్డ్స్‌మొబిల్ కార్లలో పెట్టిన హైడ్రామాటిక్ పెద్ద ఎత్తున తయారైన మొదటి ఆటోమేటిక్ గేర్‌బాక్స్. అందులో ఉన్నది బలాన్ని పెంచని సాదా ద్రవ కప్లింగ్, దాని వెనక నాలుగు గేర్లు. రెండో ప్రపంచ యుద్ధంలో అదే పెట్టెను తేలికపాటి అమెరికన్ ట్యాంకుల్లో వాడారు. 1948 బ్యూక్ డైనాఫ్లో పూర్తిగా టార్క్ కన్వర్టర్ మీదే ఆధారపడింది. ప్రయాణం నున్నగా సాగేది కానీ జారుడు ఎక్కువ, ఇంజను శక్తిలో చాలా భాగం నూనె వేడికే పోయేది. ఆ మరుసటి ఏడాది ప్యాకార్డ్ కంపెనీ అల్ట్రామాటిక్‌లో లాకప్ క్లచ్ పెట్టింది. బండి వేగం అందుకోగానే ఇది రెండు చక్రాలనూ ఒక్కటిగా బిగించి జారుడును ఆపేస్తుంది. భారీ బండ్లకు ఈ పెట్టె పనికి రావడానికి ఇంతకంటే ముఖ్యమైన మలుపు లేదని నా అభిప్రాయం.

ఇండియానాపొలిస్‌లో 1915లో మొదలై 1929లో జనరల్ మోటార్స్ చేతికి వెళ్లిన ఆలిసన్ సంస్థ, యుద్ధం తర్వాత ట్యాంకులకూ మట్టిపని యంత్రాలకూ బరువైన ఆటోమేటిక్ పెట్టెలు చేసింది. డంపర్లకు పేరుమోసిన యూక్లిడ్ కంపెనీని 1953లో జనరల్ మోటార్స్ కొనడంతో ఆ రెండింటి పొత్తు గట్టిపడింది. క్యాటర్‌పిల్లర్ తన డంపర్లకు సొంత పవర్‌షిఫ్ట్ పెట్టెలే చేసుకుంది. మన దేశంలో 1964లో బెంగళూరు కేంద్రంగా ఏర్పడిన బీఈఎంఎల్ 35, 60, 100 టన్నుల తరగతుల డంపర్లను బొగ్గు గనులకు అందించింది.

వేడి ఎక్కడిది

నిండు డంపరు బరువు వంద టన్నులు అనుకుందాం. డంపర్లు తిరిగే హాల్ రోడ్డు వాలు 16కు 1 చొప్పున ఉంటే, ఎత్తు ఒక్కటే ఆ బండిని ఆరు టన్నుల పైచిలుకు బలంతో వెనక్కి లాగుతుంది. ఎండిన గట్టి రోడ్డు మీద చక్రాల ఒరిపిడి బరువులో నూటికి రెండు వంతులు, అంటే ఇంకో రెండు టన్నులు. మొత్తం ఎనిమిది. వానాకాలంలో చక్రం బురదలో దిగబడితే ఆ రెండు వంతులు ఆరవుతాయి. అప్పుడు అదే బండికి, అదే ఎత్తుకు పన్నెండు టన్నుల లాగుడు కావాలి. హాల్ రోడ్డును చదును చేసే గ్రేడర్ నడపకపోతే ఆ బాకీని గేర్‌బాక్స్ తీర్చాల్సి వస్తుంది.

లాగుడు పెరిగేకొద్దీ బండి నెమ్మదిస్తుంది, లాకప్ విడిపోతుంది, కన్వర్టర్ జారుతుంది. 700 హార్స్‌పవర్ ఇంజను శక్తిలో పావు వంతు ఆ జారుడులో పోయినా అది 130 కిలోవాట్లు. ఇళ్లలో నీళ్లు కాచే రెండు కిలోవాట్ల గీజర్లు అరవైకి పైగా కలిపి ఒక నూనె తొట్టిలో పెట్టినట్టు. ఆ వేడిని మోసుకుపోయే కూలర్‌ను చల్లార్చేది ఇంజను రేడియేటర్ నీళ్లే. మే నెలలో ఇక్కడి గాలే 45 డిగ్రీలు దాటుతుంది, రేడియేటర్ సందుల్లో బొగ్గు దుమ్ము పేరుకుంటుంది. అందుకే గేర్‌బాక్స్ కాలిపోయిందన్న ఫిర్యాదుకు మూలం చాలాసార్లు రేడియేటర్‌లో దొరుకుతుంది.

దిగుడులో విశ్రాంతి దొరుకుతుందా అంటే అదీ పూర్తిగా దొరకదు. ఖాళీ బండి గనిలోకి దిగేటప్పుడు బ్రేకులు అరగకుండా రిటార్డర్ వాడతారు. చాలా డంపర్లలో అది గేర్‌బాక్స్‌లోనే ఉంటుంది, అదే నూనెను చిలికి వేగాన్ని తగ్గిస్తుంది. ఎక్కేటప్పుడు జారుడుతో కాగిన నూనె, దిగేటప్పుడు రిటార్డర్‌తో మళ్లీ కాగుతుంది. మిగిలేది షావెల్ దగ్గర నిలబడే కాసేపే. అప్పుడు ఇంజను ఐడ్లింగ్‌లో ఉంటే నూనెను తిప్పే పంపూ నెమ్మదిగానే తిరుగుతుంది. నూనె వేడి చూపే మీటరు ముల్లు ఎర్ర గీతకు దగ్గరైతే బండిని సురక్షితంగా ఆపి, న్యూట్రల్‌లో పెట్టి, ఇంజనును 1200 ఆర్‌పీఎం పైన తిప్పాలి. రెండు మూడు నిమిషాల్లో వేడి దిగకపోతే కూలర్‌లోనో నూనె మట్టంలోనో లోపముందని అర్థం. ఇంజను ఆపేస్తే నూనె తిరగడం ఆగి, వేడి లోపలే చిక్కుకుంటుంది.

తొట్టిలో నూనె 120 డిగ్రీల చుట్టుపక్కల దాటకూడదన్నది భారీ పెట్టెలకు సాధారణంగా చెప్పే హద్దు. ప్రతి 10 డిగ్రీల పెరుగుదలకూ నూనె చెడిపోయే వేగం సుమారు రెట్టింపవుతుంది. చెడిన నూనె ముదురు గోధుమ రంగుకు తిరిగి మాడు వాసన కొడుతుంది. పెట్టె లోపలి క్లచ్ ప్లేట్ల పొడి ఫిల్టర్‌లో చేరుతుంది, ఒత్తిడి పడిపోతుంది, ప్లేట్లు ఇంకా జారుతాయి. ఇంజను రొద పెరిగినా బండి కదలకపోవడం ఆ దశకు గుర్తు. నూనె పాలలా తెల్లబడితే కూలర్ చిల్లుపడి నీళ్లు కలిసినట్టు.

దీనికంటే ముందే కనిపించే లక్షణం ఒకటుంది. ర్యాంపు మీద గేరు పైకీ కిందికీ ఊగిసలాడుతుంది. పై గేరు వేసుకుంటుంది, లాగలేక కింది గేరుకు దిగుతుంది, మళ్లీ ఎక్కుతుంది. ప్రతి మార్పూ ప్లేట్ల మీద ఒక ఒరిపిడి. ఎలక్ట్రానిక్ నియంత్రణ వచ్చాక ఇది బాగా తగ్గింది. పాత పెట్టెల్లో ఆపరేటరే ర్యాంపు మొదట్లో గేరు మీటను కింది రేంజిలో నిలిపి కట్టడి చేసేవాడు. ఈ ఒక్క అలవాటు గేర్‌బాక్స్ ఆయుష్షుకు ఎంతో మేలు చేస్తుంది.

నిలిచిపోయిన బండిని లాగడం

ఆటోమేటిక్ బండిని తోసి స్టార్ట్ చేయలేం. తొలి తరం పెట్టెలకు వెనక వైపు, చక్రాలతో తిరిగే రెండో పంపు ఉండేది కాబట్టి తోస్తే ఒత్తిడి పుట్టేది. 1960ల్లో తయారీదారులు ఆ వెనక పంపును తీసేస్తూ వచ్చారు. ఇప్పుడు ఇంజను ఆగితే పంపు ఆగుతుంది. అలాంటి డంపరును చక్రాల మీద లాక్కెళ్తే లోపలి గేర్లూ బేరింగులూ నూనె లేకుండా తిరిగి అరిగిపోతాయి. లాగే ముందు ప్రొపెల్లర్ షాఫ్టును గానీ యాక్సిల్ షాఫ్టులను గానీ విడదీయాలి. షిఫ్టు ముగిసే వేళ హడావిడిలో ఈ పని దాటవేస్తే, చిన్న రిపేరుతో పోయేది పెద్ద ఓవర్‌హాల్ అవుతుంది.

గనుల బయట చూస్తే, కారు వెనక చక్రాల ఇల్లు లాంటి కారవాన్ కట్టుకుని కొండదారుల్లో తిరిగే అమెరికా, ఆస్ట్రేలియా, ఐరోపా కుటుంబాలది కూడా ఈ గేర్‌బాక్స్ వేడి బాధే. అక్కడి బరువు రెండు టన్నులే కావచ్చు, కానీ ఆ కారు గేర్‌బాక్స్ అంత బరువును రోజంతా లాగడానికి పుట్టింది కాదు. అదనపు ఆయిల్ కూలర్, గేరు ఊగిసలాటను ఆపే టో మోడ్, తొందరగా నూనె మార్చడం అక్కడ చెప్పే మందులు. విదేశాల్లో కారవాన్ కట్టుకుని బయల్దేరే తెలుగువాళ్లు కారు మాన్యువల్‌లో లాగుడు బరువు హద్దును ముందే చూసుకోవాలి.

మరీ పెద్ద డంపర్లలో చాలావాటికి ఈ ఆటోమేటిక్ పెట్టె లేనే లేదు. యూనిట్ రిగ్ సంస్థ 1963లో తెచ్చిన ఎం-85 లెక్ట్రా హాల్ నుంచి, ఇంజను జనరేటరును తిప్పడం, ఆ కరెంటుతో చక్రాల్లోని మోటార్లు తిరగడం అనే పద్ధతి వాటిలో స్థిరపడింది. 60, 100 టన్నుల తరగతుల్లో మాత్రం నూనెతో నడిచే గేర్‌బాక్స్‌దే ఇప్పటికీ పైచేయి.